కుంకుడు, సోడాతో ఉతుకు ఖర్చుకు కళ్లెం

"సబ్బు సగం అరిగింది, అంగి మురికి మాత్రం పోతలేదు." చందుర్తి, కథలాపూర్, రుద్రంగి పల్లెల్లో బోరు నీళ్లతో బట్టలు ఉతికే ఆడవాళ్లకు ఇది కొత్త మాట కాదు. తప్పు ప్రతిసారీ సబ్బుదే కాదు. చాలాసార్లు నీళ్లది. ఆ సంగతి తెలుసుకుంటే సబ్బుల ఖర్చు తగ్గించుకోవచ్చు.

రాతి నేలల్లో లోతు బోర్ల నీటిలో చాలాచోట్ల సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు ఈ లవణాలతో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. లవణాలు తీరిన తర్వాత మిగిలిన సబ్బే మురికి మీద పనిచేస్తుంది. అంటే మనం కొన్న సబ్బులో కొంత నీళ్లే తినేస్తున్నాయన్నమాట.

మీ నీళ్లు ఎలాంటివి?

రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం వరకు బోరు నీళ్లు, రెండోదాంట్లో అంతే వాన నీళ్లు పోయండి. రెండింటిలోనూ ఒకే కొలతలో సబ్బు తురుము వేసి బాగా గిలకొట్టండి. బోరు నీళ్లలో నురుగు తక్కువై, తెట్టు తేలితే అవి కఠిన జలం.

ముందు సోడా, తర్వాత సబ్బు

కిరాణా కొట్టులో దొరికే బట్టల సోడా (వాషింగ్ సోడా) ఈ లవణాలను విరగ్గొడుతుంది. బొక్కెనెడు నీళ్లకు ఒకటి రెండు చెంచాల సోడా వేసి కలిపి, పావుగంట ఆగండి. తర్వాతే సబ్బు వాడండి. తక్కువ సబ్బుకే నురుగు వస్తుంది. తినే సోడా ఇంత బాగా పనిచేయదు.

పొడి కావాలంటే పావుకిలో నూనె సబ్బును సన్నగా తురిమి నీడలో ఆరబెట్టండి. పావుకిలో సోడా కలిపి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పోయండి. బొక్కెనకు మూడు నాలుగు చెంచాలు చాలు. ముందుగా గోరువెచ్చని నీళ్లలో కరిగించి కలుపుకోవాలి.

కుంకుడు రసం

కుంకుడు పెంకులో సపోనిన్ అనే నురుగు పదార్థం ఉంటుంది. కఠిన జలంలో ఇది సబ్బులా విరిగిపోదు. గింజలు తీసిన పెంకు 100 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున చేత్తో పిసికి, స్టీలు గంజులో పావుగంట మరిగించి, పాత ధోతిలో వడకట్టండి. బొక్కెన నీళ్లకు పావు లీటరు రసం కలిపి, బట్టలు అరగంట నానబెట్టి ఉతకండి. రసం రెండు మూడు రోజులకు మించి నిలువ ఉండదు. అప్పటికప్పుడు చేసుకోవడమే మేలు.

పట్టు చీరలకు, ఉన్ని దుప్పట్లకు కుంకుడే మంచిది. వాటికి సోడా తగలనివ్వరాదు, పోగు దెబ్బతింటుంది. ట్రాక్టర్ గ్రీజు మరకలకు మాత్రం కుంకుడు సరిపోదు.

జాగ్రత్తలు

* సబ్బు తయారీకి వాడే కాస్టిక్ సోడా వేరు. పేరులో సోడా ఉందని దాన్ని తేవద్దు. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.
* బట్టల సోడాను అల్యూమినియం గిన్నెల్లో కలపరాదు. గిన్నె తినేస్తుంది. చేతులకు పగుళ్లు, పుండ్లు ఉంటే రబ్బరు తొడుగులు వేసుకోండి.
* కుంకుడు రసం కళ్లలో పడితే విపరీతంగా మండుతుంది. వెంటనే మంచినీళ్లతో కడగాలి. చేపలకు ఇది విషం. చేపలున్న కుంటలో పారబోయరాదు.
* సోడా నీళ్లను రోజూ ఒకేచోట కూరపాదులకు వదలకండి. వెనుకట చాకలివాళ్లు బట్టలకు వాడిన చౌడు మన్నులో ఉన్నదీ సోడానే. అదే సోడా పేరుకుంటే మన నేలా చౌడు బారుతుంది.

మందు కొట్టిన బట్టలకు ఇవి వద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పత్తికి, వరికి పురుగుమందు కొట్టిన అంగి, లుంగీలకు కుంకుడు రసం, ఇంటి పొడి సరిపోవు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలపకుండా, చేతులకు తొడుగులు వేసుకుని, ముందు విడిగా జాడించండి. తర్వాత వేడి నీళ్లు, బజారు డిటర్జెంటుతో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. ఆ నీళ్లు బావిలోకి, చెరువులోకి పోకూడదు. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి తడిసిన బట్టలను మళ్లీ కట్టవద్దు. ఇక్కడ పొదుపు చేస్తే ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది.

మిగతా బట్టలకు ఒక నెల ఈ పద్ధతి పాటించి చూడండి. సబ్బులకు ఎంతయిందో, సోడా, కుంకుళ్లకు ఎంతయిందో గోడ మీది క్యాలెండరుపై రాసుకోండి. నెలాఖరుకు కూడితే లాభనష్టాలు మీకే తెలుస్తాయి.