కాలిన మోటారు రాగికి లండన్‌లో రేటు

మాది నల్లజర్ల వైపు మెట్ట నేల. కాలవ నీళ్లు డెల్టా వాళ్లవి, మావి బోరు నీళ్లు. పామాయిల్ వేసినా పొగాకు వేసినా కింద నుంచి మోటారు తోడాల్సిందే. వోల్టేజి పడిపోయిందా, మోటారు కాలిపోతుంది. అందుకే ఎండాకాలంలో వైండింగ్ షాపుల ముందు మోటార్లు ఆసుపత్రిలో ఓపీలాగా వరుస కట్టి ఉంటాయి.

పోయిన సెలవుల్లో మా బాబాయి షాపులో కొన్నాళ్లు కూర్చున్నాను. కాలిన వైండింగ్ తీసి గోనె సంచిలో వేసి పెడతాడు. నెలకోసారి తాడేపల్లిగూడెం నుంచి పాత సామాను కొనే ఒకాయన వచ్చి, కాటా వేసుకుని పట్టుకెళతాడు. ఆ రోజు ఆయన రేటు చెప్పేముందు ఫోన్ చూసి, "ఇవాళ లండన్ తగ్గిందండీ" అన్నాడు. నల్లజర్లలో లండన్ గొడవేంటా అని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు, ఎందుకంటే ఆయన అన్నది నిజమే.

1877లో మొదలైన లండన్ మెటల్ ఎక్స్ఛేంజి అనే బజారు ఒకటుంది. రాగి, అల్యూమినియం, సీసం, జింకు, నికెల్, తగరం లాంటి లోహాలకు టన్నుకు ఇన్ని డాలర్లని అక్కడ పలికే ధరే ప్రపంచమంతా లెక్క. దాన్ని రూపాయల్లోకి మార్చి, కరిగించే ఖర్చు, లారీ కిరాయి, మధ్యలో ఉన్న ముగ్గురు నలుగురి లాభం తీసేస్తే మిగిలేది మా బాబాయి సంచి రేటు. 2024 మే నెలలో రాగి టన్ను 11,000 డాలర్లు దాటింది. డాలరు 83 రూపాయల లెక్కన చూస్తే కిలో 900 పైమాటే. పెద్ద గని ఒకటి పనామాలో అంతకు ముందు ఏడాది చివర మూతపడింది. మరోపక్క ఎలక్ట్రిక్ కార్లకీ, సోలార్ ప్లాంట్లకీ, కరెంటు లైన్లకీ రాగి కావాలి. మన దేశంలో అయితే 2018లో తూత్తుకుడి రాగి కర్మాగారం మూతపడ్డాక, శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే స్థితి నుంచి దిగుమతి చేసుకునే స్థితికి వచ్చాం. కాబట్టి కాలిన తీగకి కూడా గిరాకీ.

ఈ వ్యాపారంలో నాకు బాగా నచ్చింది పేర్లు. అంతర్జాతీయంగా ఒక్కో రకం తుక్కుకి ఒక్కో ముద్దుపేరు ఉంది. పైన ఏ పూతా లేకుండా తళతళలాడే రాగి తీగ 'బార్లీ'. పసుపు ఇత్తడి 'హనీ'. టెలిగ్రాంలో మాటకింత అని డబ్బు కట్టే రోజుల్లో, పేరా అంత వివరణని ఒక్క మాటలో పంపడానికి పుట్టిన అలవాటిది. మా బాబాయి సంచిలోది 'బిర్చ్', అంటే సుమారు 96 శాతం రాగి ఉండే రెండో రకం. ఎనామిల్ పూత, కాలిన మసి దాని తరగతిని దించేస్తాయి. ఆ సంగతి చెబితే బాబాయి, "పేరేదైతే ఏంట్రా, తూకంలో ఆయన కోసేది కోస్తాడు" అన్నాడు.

ఇనుముకి మాత్రం ఇంత కవిత్వం లేదు. దాని గోల వేరు, మెటలర్జీ పేపర్ రాసినవాళ్లకి తెలుస్తుంది. ఎలింగ్‌హామ్ డయాగ్రం గుర్తుందా? అందులో రాగి గీత ఇనుము గీతకి పైన ఉంటుంది. అంటే ఆక్సిజన్ మీద ఇనుముకి ఉన్న మోజు రాగికి లేదు. కొలిమిలో ఆక్సిజన్ ఊదితే సిలికాన్, మాంగనీసు ఆక్సైడులై స్లాగ్‌లోకి పోతాయి. రాగి పోదు. పాత కారుని వైర్లతో సహా నలగ్గొట్టి కరిగిస్తే ఆ రాగి ఉక్కులోనే ఉండిపోతుంది. తర్వాత రోలింగ్ వేడిలో పైపొర ఇనుము ఆక్సైడుగా పోతూ ఉంటే, మిగిలిన రాగి ఆ పొర కింద కరిగి గ్రెయిన్‌ల మధ్య సందుల్లోకి దూరి పగుళ్లు తెస్తుంది. విరుగుడు ఒకటే: కొత్త ఇనుము కలిపి పలచన చేయడం. లేదా ముందే చేత్తో వైరు ఏరేయడం. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు విప్పే కుర్రాళ్లు రోజూ చేసేది ఇదే. మనం పరీక్షలో రెండు మార్కులకి గీసే గీతలకి వాళ్ల వేళ్లు కోసుకుంటాయి.

అంత కష్టం ఎందుకు? 2019 నాటి కేంద్ర ఉక్కు తుక్కు విధానం ప్రకారం, టన్ను ఇనప తుక్కు వాడితే 1.1 టన్నుల ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయి. అల్యూమినియం ఇంకా నయం. మన ఇళ్లలో 'సిల్వర్' అని పిలిచే గిన్నెని మళ్లీ కరిగించడానికి, ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో 5 శాతం చాలు.

అందుకే దేశాలు తమ తుక్కుని గట్టిగా పట్టుకుంటున్నాయి. ఒకప్పుడు వచ్చిందల్లా కొన్న చైనా 2018 నుంచి మురికి తుక్కుకి తలుపులు మూసింది. బ్రిటన్‌లో పోర్ట్ టాల్బట్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 2024 సెప్టెంబరు 30న ఆగింది, దాని బదులు తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ పెడుతున్నారు. ఐరోపా సమాఖ్య కొత్త నిబంధనల ప్రకారం 2027 మే నుంచి, తుక్కుని పద్ధతిగా శుద్ధి చేయగలమని నిరూపించుకున్న దేశాలకే ఎగుమతి. మనలాంటి దేశాలు ఆ జాబితాలో చోటు సంపాదించుకోవాలి. మంట పెట్టి వైరు పూత కాల్చే పద్ధతిని 'పద్ధతి' అని ఎవరూ ఒప్పుకోరు. పీవీసీ వైరు కాలిస్తే వచ్చే డయాక్సిన్లు క్యాన్సర్ కారకాలు. మా షాపు వెనక ఆ నల్ల మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు బాబాయి ఉలితో కోసి తీస్తున్నాడు, టైం రెట్టింపు పడుతుంది.

ఇక అసలు బాధ. రాగి రేటు పెరిగినప్పుడల్లా పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పోతుంటాయి. రాత్రికి రాత్రి దించి, నూనె నేలపాలు చేసి, కాయిల్ ఎత్తుకెళతారు. కొత్తది వచ్చేదాకా బోర్లు మూగే. మా పక్క చేలో అలా జరిగి, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకి ఎండిపోయింది. ఆ రైతు ఏ ఎక్స్ఛేంజి పేరూ వినలేదు.

బాబాయిని అడిగాను, "నీ దగ్గరికి అలాంటి సరుకు వస్తే ఎలా తెలుస్తుంది?"

"మోటారు తీగ గుండ్రంగా, పూతతో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ కాయిల్లో కాగితం చుట్టిన పట్టీ ఉంటుంది, నూనె వాసన వస్తుంది. తెలీకపోవడమేంటి?"

"మరి కొనేవాళ్లెవరు?"

"కొలిమి ఉన్నవాళ్లు. కరిగాక వాసనుండదు కదా."

ఆ నెల సంచి 31 కిలోలు తూగింది. కొన్నాయన మసి కింద రెండు కిలోలు కోశాడు. ఎక్కడి సరుకని అడగలేదు.