బదిలీ వద్దనుకుంటే రాజీనామా మాత్రం రాయకండి

హైదరాబాద్‌లో అబిడ్స్ షోరూముల్లో, చిరాగ్ అలీ లేన్ ఆఫీసుల్లో పదిహేను, ఇరవై వేల జీతానికి చేరిన పిల్లలకు ఏదో ఒకరోజు ఈ మాట ఎదురవుతుంది: ‘వచ్చే నెల నుంచి విజయవాడ బ్రాంచికి వెళ్లాలి, కుదరదంటే పేపర్ పెట్టెయ్.’ నాన్న మందులు, చెల్లి కాలేజీ, ఇంటద్దె గుర్తొచ్చి చాలామంది అక్కడికక్కడే రెండు ముక్కల్లో రాజీనామా రాసిచ్చేస్తారు. ఉద్యోగంతో పాటు భృతి కూడా ఆ కాగితంతోనే పోతుందని వాళ్లకు చెప్పేవాళ్లుండరు.

ప్రైవేటు ఉద్యోగికి మన దేశంలో నిరుద్యోగ భృతి అంటే ప్రధానంగా ఈఎస్‌ఐ ఇచ్చేదే. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలో 0.75 శాతం ఈఎస్‌ఐకి కోత పడుతుంటే మీరు అందులో ఉన్నట్టే. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం చొప్పున గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. రోజుకు 600 వచ్చేవారికి మొత్తం 27,000 అన్నమాట. అయితే జీవితంలో ఒక్కసారే. పని పోయేనాటికి రెండేళ్ల బీమా ఉద్యోగం పూర్తయి ఉండాలి. చివరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఈ పథకం గడువును విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తుకు ముందు అది అమల్లో ఉందో లేదో చూసుకోండి.

అసలు మెలిక అర్హతలో ఉంది. తనంతట తాను ఉద్యోగం వదిలేసినవారికి, క్రమశిక్షణ చర్యతో తొలగించినవారికి ఈ భృతి రాదు. బదిలీ వద్దని రాజీనామా చేస్తే మొదటి గుంపులో పడతారు. చేరకుండా ఇంట్లో కూర్చుంటే యజమాని మిమ్మల్ని రెండో గుంపులోకి నెట్టే వీలుంది.

మరి బదిలీ ఉత్తర్వును తప్పకుండా పాటించాలా? అది నియామక పత్రాన్ని బట్టి ఉంటుంది. ‘సంస్థకు చెందిన ఏ శాఖకైనా’ అన్న షరతు మీద సంతకం చేసి ఉంటే మీ వాదనకు బలం తక్కువ. ఆ షరతు లేకపోతే కథ వేరు. కుందన్ షుగర్ మిల్స్ కేసులో అమ్రోహా మిల్లు కార్మికులు నలుగురిని, యజమానులు తర్వాత కొన్న బులంద్‌షహర్ మిల్లుకు వెళ్లమన్నారు. వాళ్లు వెళ్లలేదు, డిస్మిస్ చేశారు. ఒప్పందంలో లేని బదిలీ హక్కు యజమానికి దానంతటదే రాదని 1960లో సుప్రీంకోర్టు కార్మికుల పక్షాన తేల్చింది. దీనికి మరో కొస కూడా ఉంది. 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో, బదిలీ చేయదగిన ఉద్యోగంలో ఉన్నవారు విజ్ఞప్తి పెట్టుకోవచ్చు గానీ ఆ సాకుతో చేరకుండా ఉండకూడదని అదే కోర్టు చెప్పింది. అందుకే ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజే బదిలీ షరతు ఎక్కడుందో వెతికి చదవండి. ఉద్యోగం దొరికిన సంతోషంలో ఆ పేజీ తిప్పేసేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది.

బదిలీ మాట రాగానే మెయిల్‌లోనో ఉత్తరంలోనో బదులివ్వండి. మీ ఇబ్బంది చెప్పండి, గడువు అడగండి, పాత చోటే పనికి సిద్ధంగా ఉన్నానని రాయండి. చెప్పకుండా మానేశారని పేరు కొట్టేస్తే, విచారణ లేకుండా అలా తీసేయడం చెల్లదని 1993 నాటి డి.కె. యాదవ్ తీర్పు మీకు అండగా ఉంటుంది.

అబిడ్స్ శాఖనే మూసేస్తున్నారనుకోండి, అప్పుడు రాజీనామా కాదు, రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) కాగితం అడగాలి. ఏడాది నిండిన కార్మికుడికి నెల నోటీసు, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఉంటాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా ఈ సూత్రాన్ని నిలబెట్టింది. పైగా ఈఎస్‌ఐలోనే 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన రిట్రెంచ్‌మెంట్‌కు, మూసివేతకు వర్తిస్తుంది. అందులో గరిష్ఠంగా 24 నెలల భృతి ఉంటుంది.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే, ఆదర్శ్‌నగర్ హిల్‌ఫోర్ట్ రోడ్డులో ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయం ఉంది. సంతకం పెట్టకముందే మీ ఈఎస్‌ఐ బీమా (ఐపీ) నంబరు, నియామక పత్రం, బదిలీ ఉత్తర్వు పట్టుకుని వెళ్లి, మీ చందా రోజులు ఎన్ని నమోదయ్యాయో, ఏ పథకం మీకు వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి.