తాళాలు నీ దగ్గరే ఉండనీ, చెల్లీ

“అక్కా, విజయవాడలో బెంజ్ సర్కిల్ మీదుగా రోజూ ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్లినదాన్ని. ఇక్కడ ఊరవతల సూపర్‌మార్కెట్‌కి ఒక్కదాన్నే బయల్దేరినా మా ఆయన మొహం మారిపోతుంది. వద్దని అనడు. ‘ఉండు, నేనూ వస్తా’ అంటాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రోడ్లన్నీ తెలిసినవాడు. ఆయనకే అంత భయమైతే నేను అసలు నడపొచ్చంటావా?”

జర్మనీలో ఉల్మ్ దగ్గర ఒక పల్లెలో కాపురముంటున్న చెల్లెలు అడిగిన మాట ఇది. జర్మన్ అబ్బాయిని చేసుకుంది. స్టుట్‌గార్ట్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కలకి చదువులకనీ ఉద్యోగాలకనీ వచ్చి, ఇక్కడివాళ్లనే పెళ్లాడి స్థిరపడ్డ మన ఆడపిల్లలు ఇదే మాట తలా ఒక తీరుగా అడుగుతుంటారు. మా ఆయనా ఇక్కడివాడే. కాబట్టి తీరుబడిగా మాట్లాడుకుందాం రా.

ముందుగా, ఆయన భయాన్ని అవమానం కింద తీసుకోకు. నీకు నడపడం రాదని ఆయన అంటున్నట్టు వినిపిస్తే అక్కడే గొడవ మొదలై అసలు సంగతి పక్కకి పోతుంది. ఇక్కడి పల్లెల్లో పెరిగినవాళ్లకి రోడ్డు పక్క చెట్ల మొదట్లో పాతిన చిన్న చిన్న శిలువలు చిన్నప్పటి నుంచీ తెలుసు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లలు శనివారం రాత్రి బయటికెళ్లి ఇల్లు చేరని కథలు వింటూ పెరిగినవాళ్లు వీళ్లు. జర్మనీ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది వేగానికి హద్దులేని ఆటోబాన్. కానీ ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయే ప్రాణాల్లో సగానికి పైగా పోయేది దాని మీద కాదు. ఊరికీ ఊరికీ మధ్య ఉండే లాండ్‌ష్ట్రాసే మీద. రాకపోకలకి చెరొక వరస, మధ్యలో డివైడర్ ఉండదు, గంటకి 100 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. అంచునే చెట్లు, మలుపు తిరగ్గానే ఎదురుగా ట్రాక్టరు. నీ సూపర్‌మార్కెట్ దారీ అలాంటిదే అయ్యుంటుంది. ఆయన భయానికి కారణం ఉంది.

అలాగని ఆ భయాన్ని మొత్తంగా నీ నెత్తిన పెడితే దానితో నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. “జాగ్రత్త” అన్న ఒక్క మాటలో దారి తెలియదు. ఆయన్ని కూర్చోబెట్టి అడుగు. ఏ మలుపు? ఏ నెల? ఏ వేళ? ఎదురుగా ఏమొస్తుందని భయం? పుట్టి పెరిగినవాళ్ల దగ్గర ఇలాంటి తెలివిడి చాలా ఉంటుంది, అడిగేదాకా అది బయటికి రాదు. మా ఆయన్ని ఇలా అడిగితేనే మా ఊరి బయటి వంతెన సంగతి తెలిసింది. నవంబరు పొద్దున్న మిగతా దారంతా ఉత్తి తడిగా ఉన్నా, ఆ వంతెన మీద మాత్రం నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి వంతెనలు ముందు గడ్డకడతాయట. ఆ మంచు తెల్లగా కనపడదు, తడి రోడ్డులాగే నల్లగా ఉంటుంది. కృష్ణ మీద వారధి ఎన్నిసార్లు దాటినా ఇది మనకి ఎక్కణ్నుంచి తెలుస్తుంది?

అడవి జంతువుల సంగతీ అంతే. శీతాకాలం ముందు, తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా జింకలూ అడవిపందులూ రోడ్డు దాటుతుంటాయి. దుముకుతున్న జింక బొమ్మతో ఎర్ర అంచు బోర్డు కనపడితే అది ఊరికే పెట్టింది కాదు, వేగం తగ్గించు. ఒకటి దాటిందంటే వెనకాల ఇంకోటి ఉందనుకో. హెడ్‌లైట్లు డిమ్ చేసి హారన్ కొట్టు. మరీ దగ్గరికి వచ్చేస్తే గట్టిగా బ్రేకు వెయ్యి, స్టీరింగ్ మాత్రం పక్కకి తిప్పకు. మన చేయి ప్రాణాన్ని తప్పించబోతుంది, అది మన స్వభావం. కానీ ఇక్కడ అలా తప్పించబోయి చెట్టుని గుద్దుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. ఆ తర్వాత బీమా డబ్బు రాబట్టడమూ కష్టమే. జంతువుకి తగిలితే పోలీసులకి ఫోన్ చెయ్యి, దాన్ని ముట్టుకోకు.

నువ్వుండేది ఉల్మ్ వైపు కాబట్టి ఇంకోటి. స్టుట్‌గార్ట్ నుంచి వచ్చే ఏ8 ఆటోబాన్ ఆల్బ్ కొండలు ఎక్కే చోట రెండు దిక్కుల రోడ్లూ విడిపోయి వేర్వేరు లోయల్లోంచి పోతాయి. కింద ఎండ ఉన్నా పైన పొగమంచూ మంచువానా ఉండొచ్చు. పొగమంచులో దూరం అంచనా కట్టడానికి నాకు బాగా పనికొచ్చిన గుర్తు రోడ్డంచున ఉండే తెల్ల గుంజలు. ఆటోబాన్ మీద అవి 50 మీటర్లకొకటి ఉంటాయి. ఒకదాని దగ్గర ఉండగా దాని తర్వాతది కనపడటం లేదంటే చూపు 50 మీటర్లు కూడా అందడం లేదన్నమాట. అప్పుడు గంటకి 50కి మించి వెళ్లకూడదు, వెనక ఎర్ర ఫాగ్ లైటు వేసుకోవచ్చు. టైర్ల సంగతికొస్తే, చట్టంలో తేదీ ఏమీ లేదు. రోడ్డు మీద మంచు ఉంటే చలికాలపు టైర్లు ఉండి తీరాలి. కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తున్న టైర్లే 2024 అక్టోబరు నుంచి చెల్లుతున్నాయి. అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా అని ఇక్కడివాళ్లు పెట్టుకున్న లెక్క మంచిదే, నువ్వూ అదే పాటించు.

ఆయనకి తెలియని భయం ఒకటి ఉంది, చెల్లీ. అది నీకే తెలుస్తుంది. మనం ఎడమ పక్కన నడిపి పెరిగినవాళ్లం. నలుగురు వెళ్తున్న రోడ్డులో కుడి పక్కన నడపడం కష్టం కాదు, ముందు బండి వెంట పోతాం. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీదే. ఆదివారం పొద్దున్నే పార్కింగులోంచి బయటికొచ్చి మలుపు తిరిగినప్పుడు, ఎదురుగా ఎవరూ లేనప్పుడు, చెయ్యి పాత అలవాటు ప్రకారం ఎడమకి తిప్పేస్తుంది. ప్రతి పార్కింగు దగ్గరా, ప్రతి పెట్రోలు బంకు దగ్గరా బయల్దేరేటప్పుడు “కుడి” అని పైకి అనుకో. అలాగే బోర్డూ గీతా లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లదే ముందు హక్కు, అది ఎంత చిన్న సందు అయినా సరే. పెద్ద రోడ్డు మీద ఉన్నవాళ్లు ముందు పోవడం మన ఊళ్ల అలవాటు. ఇక్కడి కాలనీల్లో ఆ అలవాటుతో పోతే గుద్దుకోవడమే.

ఆటోబాన్ మీద వేగానికి హద్దులేని చోట 130 దాకా వెళ్లమని సలహా మాత్రమే ఇస్తారు. నువ్వు గంటకి 110తో లారీని దాటడానికి ఎడమ వరసలోకి వచ్చావనుకో. వెనక 200 మీటర్ల దూరంలో 200తో వస్తున్న కారు ఎనిమిది సెకన్లలో నీ మీదికి వచ్చేస్తుంది. అద్దంలో అది చిన్న చుక్కలాగే కనపడుతుంది. అందుకే అద్దంలో ఒకసారి చూడు, ఒక క్షణం ఆగి మళ్లీ చూడు. రెండు చూపుల మధ్య ఆ చుక్క ఎంత పెరిగిందో దాన్ని బట్టి వేగం తెలుస్తుంది. ఆపైన భుజం మీదుగా తల తిప్పి చూడాలి. దాటాక కుడికి వచ్చెయ్.

ఇదంతా మీ ఆయన దగ్గరే నేర్చుకోవాలని నేను అనను. నిజానికి వద్దంటాను. మొగుడూ పెళ్లాలు ఒక కారులో గురువూ శిష్యురాలూ అయితే ఇద్దరికీ సుఖం ఉండదు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం మొదలుపెట్టిన ఆరు నెలల వరకే పనికొస్తుంది. ఆ తర్వాత రాతపరీక్షా నడిపే పరీక్షా రెండూ పాసవ్వాలి, రాతపరీక్ష ఇంగ్లీషులోనూ రాయొచ్చు. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి ఊళ్ల మధ్య రోడ్డు మీద అయిదు, ఆటోబాన్ మీద నాలుగు, రాత్రిపూట మూడు పాఠాలు తప్పనిసరి. మనకి పాత లైసెన్సు ఉంది కాబట్టి ఆ నిబంధన లేదు. లేకపోయినా డబ్బు పెట్టి అవి తీసుకో. ఇక్కడ డ్రైవింగ్ పాఠాలు చవక కాదని నాకూ తెలుసు. బంగారం మీద పెట్టే డబ్బులో కొంత ఇటు పెట్టు, నష్టపోవు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఫార్‌జిషర్‌హైట్స్‌ట్రైనింగ్ అనే ఒక రోజు శిక్షణకి వెళ్లండి. నీళ్లు చల్లి జారేటట్టు చేసిన మైదానంలో గట్టిగా బ్రేకు వేయించి, కారు జారితే ఎలా పట్టుకోవాలో నేర్పిస్తారు. కారుని నువ్వు సరిదిద్దడం ఆయన కళ్లారా చూస్తాడు. ఎంత వాదించినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

మీ ఆయనకి ఒక కథ కూడా గుర్తుచెయ్యి. మీ ప్రాంతపు కథే. కారుకి 1886లో పేటెంటు తీసుకున్నది కార్ల్ బెంజ్. కానీ దాన్ని మొదట దూరప్రయాణానికి తీసుకెళ్లింది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి, దాదాపు 106 కిలోమీటర్లు నడిపించుకెళ్లింది. వెళ్లింది ఎక్కడికనుకున్నావు, పుట్టింటికి! పెట్రోలు బంకులు లేని కాలం. వీస్లోఖ్‌లో మందులషాపులో ఇంధనం కొనుక్కుంది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. బ్రేకు అరిగిపోతే తోలు కొట్టించింది. ఎత్తు ఎక్కలేని చోట దిగి నెట్టారు. చేరాక మొగుడికి టెలిగ్రాము ఇచ్చింది. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు ఆ వ్యాపారంలో పెట్టిన మనిషి ఆమె. ఆ బండిలో ప్రతి మర చప్పుడూ ఆమెకి తెలుసు. చెప్పకుండా వెళ్లమని నేను నీకు చెప్పను. బండి గురించి ఆమెకి ఉన్నంత తెలివిడి తెచ్చుకోమంటాను. చేరాక కబురు పెట్టమంటాను.

కబురు అంటే గుర్తొచ్చింది. నడుపుతున్నప్పుడు “ఎక్కడున్నావు?” అని ఫోన్ చెయ్యొద్దని ఆయనతో గట్టిగా చెప్పు. భయంతో చేసిన ఆ ఫోనే ప్రమాదం తెస్తుంది. ఫోను చేత్తో పట్టుకున్నందుకు ఇక్కడ 100 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు కూడా. దూరం వెళ్లేటప్పుడు నీ లొకేషన్ ఆయనకి కనపడేలా నువ్వే పెట్టు, చేరాక నువ్వే తీసెయ్యి. మన అమ్మలకి కూడా అంతే. “అల్లుడు నిన్ను ఒక్కదాన్నే పంపించాడా?” అని అడిగితే, చేరాక మాట్లాడతానని చెప్పి పెట్టేయ్.

ఆటోబాన్ మీద బండి ఆగిపోతే ఏం చేయాలో ఇద్దరూ కలిసి ఒకసారి చేసి చూడండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, కుడి అంచున ఎంత వీలైతే అంత పక్కకి ఆపు. మెరిసే జాకెట్ డిక్కీలో కాకుండా సీటు దగ్గరే ఉంచుకో, దిగకముందే వేసుకో. కుడి తలుపులోంచి దిగి ఇనుప రెయిలింగు అవతలికి వెళ్లు. ఆ వెనకాలే నడిచి త్రికోణం బోర్డు 150 నుంచి 200 మీటర్ల వెనక పెట్టు. కారులో కూర్చుని ఎదురుచూడొద్దు. తెల్ల గుంజల మీద చిన్న నల్ల బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు నారింజ రంగు ఎమర్జెన్సీ ఫోను దగ్గర్లో ఉంటుంది, నువ్వెక్కడున్నావో వాళ్లకే తెలుస్తుంది. దెబ్బలు తగిలితే 112, పోలీసులకి 110. పెట్రోలు అయిపోయి ఆటోబాన్ మీద ఆగడం తప్పు కింద లెక్క, కాబట్టి పావు ట్యాంకు కన్నా దిగనివ్వకు. రాత్రిపూట విశ్రాంతికి ఆగితే చీకటి పార్కింగుల్లో వద్దు, బంకూ హోటలూ వెలుగూ ఉన్న చోటే ఆగు. పార్కింగ్ భవనాల్లో ఆడవాళ్లకని ద్వారం దగ్గర, వెలుగులో వదిలిన స్థలాలుంటాయి. మొహమాటపడకు, అవి నీకోసమే.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట. రోడ్డు నేర్చుకునే కొద్దీ తగ్గే భయం ఒకటి ఉంటుంది, దాన్ని గౌరవిద్దాం. లైసెన్సు వచ్చినా, చలికాలం గడిచినా తగ్గకుండా, తాళాలు దాచడం దాకా, ఎవర్ని కలిశావని అడగడం దాకా పోయేది ఇంకోటి. అది రోడ్డు భయం కాదు. అలాంటి ఇంట్లో ఉన్న చెల్లెలు ఎవరైనా చదువుతుంటే, 116 016కి ఫోన్ చెయ్యి. జర్మనీలో హింసకి గురయ్యే ఆడవాళ్ల కోసం పగలూ రాత్రీ పనిచేసే నంబరు అది. డబ్బు తీసుకోరు, పేరు చెప్పనక్కర్లేదు.

ఉల్మ్ చెల్లెలి మొగుడు అలాంటివాడు కాదు. ఆమె మాటల్ని బట్టే తెలుస్తోంది, మంచివాడు, పెళ్లాం ఇల్లు చేరాలని తపించేవాడు. కాబట్టి చెల్లీ, ఈ వారంలో ఒక పని చెయ్యి. కారు బీమా కాగితం తీసి, నడిపేవాళ్ల జాబితాలో నీ పేరు ఉందో లేదో చూడు. లేకుండా నువ్వు నడిపి ఏదైనా జరిగితే బీమా కంపెనీ అదనపు డబ్బు వసూలు చేస్తుంది. ప్రమాదం లేకుండా గడిచిన ఏళ్లకి ఇచ్చే తగ్గింపు కూడా బీమా ఎవరి పేరున ఉంటే వాళ్లకే జమవుతుంది. రేపు నీకంటూ కారు కొనుక్కున్నప్పుడు ఆ ఏళ్లు నీ ఖాతాలో ఉండవు. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ జాబితాలో నీ పేరు రాయించు. ఆ తర్వాతి శనివారం, పగటి వెలుగులో, సూపర్‌మార్కెట్‌కి ఒక్కదానివే వెళ్లిరా.