క్రైస్తవ పండుగల చక్రం – వంటింట్లో తెలుగు పాఠం

మన తెలుగు బడిలో పండుగల పాఠం అనగానే ఉగాది, సంక్రాంతి, దసరా, దీపావళి వరుసగా గుర్తుకొస్తాయి. క్రిస్మస్‌కు కూడా ఒక పేజీ ఉంటుంది, అందులో చెట్టు, కేకు, క్రిస్మస్ తాత ఉంటారు. అంతటితో సరి. కాని మన తరగతుల్లో గుంటూరు, ఒంగోలు, మెదక్, డోర్నకల్ ప్రాంతాల క్రైస్తవ కుటుంబాల పిల్లలూ కూర్చుంటున్నారు. వాళ్ళ నాయనమ్మల ఇళ్ళలో ఏడాది పొడవునా తిరిగే పండుగల చక్రం ఒకటుంది, దానికి అచ్చంగా మన తెలుగు పేర్లున్నాయి. బ్రిటన్‌లో పెరిగే పిల్లలకు అవే పండుగలు స్కూల్లో ఇంగ్లీషులో ఎదురవుతాయి. ప్యాన్‌కేక్ డే అంటే ఎగిరి గంతేస్తారు, హార్వెస్ట్ ఫెస్టివల్‌కు డబ్బాలు పట్టుకెళ్తారు. భస్మ బుధవారం, కోతపండుగ అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు! నాయనమ్మ ఫోనులో "మట్టల ఆదివారం ఎలా జరిగింది నాన్నా?" అని అడిగితే, పక్కనున్న అమ్మ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వస్తోంది.

అందుకని ఈ పాఠాన్ని వంటింట్లోకి తెచ్చాం. నోటితో తిన్నదీ చేత్తో చేసినదీ పిల్లలు మరిచిపోరని మా నమ్మకం. ఏ మతం వారైనా ఇందులో పాలుపంచుకోవచ్చు, అట్లకూ పప్పుకూ మతం లేదు కదా!

ముందుగా ఒక మాట. తెలుగు క్రైస్తవులందరూ ఈ చక్రాన్ని ఒకేలా పాటించరు. లూథరన్, సి.ఎస్.ఐ., కథోలిక సంఘాల్లో పూర్తిగా పాటిస్తారు. బాప్తిస్టు, పెంతెకొస్తు ఇళ్ళలో చాలావరకు క్రిస్మస్, మంచి శుక్రవారం, ఈస్టరు మాత్రమే ఉంటాయి. పేర్లూ మారతాయి. ఒకరి శ్రమకాలం మరొకరికి తపస్సు కాలం. ఒకరు ఆరాధనకు వెళ్తే మరొకరు పూజకు వెళ్తారు. మీ ఇంట్లో ఏ మాట వాడతారో దాన్నే పిల్లలకు నేర్పండి, పక్కింటి మాట కూడా చెప్పండి.

చక్రాన్ని కాగితంతో చేద్దాం. 52 సెంటీమీటర్ల పొడవున్న అట్ట పట్టీ తీసుకుని సెంటీమీటరుకొక గీత గీయండి. ఒక్కో గడి ఒక్కో ఆదివారం. క్రైస్తవ సంవత్సరం జనవరిలో కాదు, క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. 2026లో అది నవంబరు 29. అక్కడి నుంచి నాలుగు గళ్ళు ఊదా (ఆగమన కాలం), రెండు తెలుపు (క్రిస్మస్), ఐదు ఆకుపచ్చ, ఆరు ఊదా (శ్రమకాలం), ఏడు తెలుపు (ఈస్టరు కాలం), ఒకటి ఎరుపు (పెంతెకొస్తు), మిగిలిన 27 ఆకుపచ్చ. చర్చిని బట్టి ఒకటి రెండు గళ్ళు మారవచ్చు, పరవాలేదు. రెండు కొసలూ అతికిస్తే ఉంగరంలా వస్తుంది, దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి వారానికొక గడి చొప్పున బట్టల క్లిప్పు జరుపుతూ ఉండండి. సగం కంటే ఎక్కువ ఆకుపచ్చే ఉందని పిల్లలే గమనిస్తారు. ఆ వారాల్లో ప్రత్యేకమైన వంట ఏదీ అక్కర్లేదు, మామూలు పప్పూ చారూ చాలు. ఏడాదంతా పండుగ వంటే చేయాలని ప్రణాళిక వేసుకునే తల్లులు మాఘమాసానికే అలసిపోతారు!

ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలు ఉంటాయి. ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళలో పిండివంటలన్నీ డిసెంబరు 24న పెట్టుకుంటే ఒళ్ళు హూనమవుతుంది. నిల్వ ఉండే వాటిని ముందు చేసుకోవడం తెలివి. మొదటి వారం కేకుకు ఎండు పండ్లు నానబెట్టడం, రెండో వారం జంతికలు, మూడో వారం గులాబీ పువ్వులు, నాలుగో వారం అరిసెలు. అరిసెలు సంక్రాంతివి గదా అని కొందరు పిల్లలు అడుగుతారు. కొత్త బియ్యం, కొత్త బెల్లం వచ్చే రోజులు అవే కాబట్టి కోస్తా జిల్లాల్లో చాలా క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కే అరిసెలు వండుకుంటాయి. పంట ఒకటే, పాకం ఒకటే.

పిల్లలకు బాగా నచ్చేవి గులాబీ పువ్వులు. ఒక కప్పు మైదా, అర కప్పు బియ్యప్పిండి, అర కప్పు పంచదార, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి కలిపి, పల్చటి కొబ్బరిపాలు పోస్తూ దోసెల పిండి కంటే కాస్త జారుగా చేసుకోవాలి. అచ్చును కాగే నూనెలో రెండు మూడు నిమిషాలు ఉంచి, పైకి తీసి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి. పూర్తిగా మునిగితే పువ్వు అచ్చు నుంచి ఊడిరాదు. అచ్చు వేడెక్కకపోతే పిండి పట్టుకోదు. మొదటి రెండు మూడు పువ్వులు పాడైనా కంగారు పడవద్దు, అవి వండేవారి వాటా! నూనె దగ్గర పని పెద్దవాళ్ళదే. పిల్లలు పిండి కలుపుతూ, చల్లారిన పువ్వులు లెక్కపెడుతూ మాటలు నేర్చుకుంటారు: కలుపు, ముంచు, తీయి, వార్చు.

ఇక నక్షత్రం. మన ఊళ్ళలో డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇంటి ముందు వెదురు బద్దల నక్షత్రం వేలాడవలసిందే. ఇక్కడ సన్నని చెక్క పుల్లలు దొరుకుతాయి. ఒకే పొడవున్న పది పుల్లలు తీసుకుని, ఐదేసి పుల్లలతో రెండు నక్షత్రాలు కట్టండి. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర దారంతో బిగించండి. తరువాత లోపల పుల్లలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, రెండు నక్షత్రాల నడుమ వేలెడంత చిన్న పుల్లలు నిలబెట్టండి. బల్లపరుపుగా ఉన్నది ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఈ క్షణం పిల్లల ముఖాలు చూడాలి! పైన పల్చటి రంగు కాగితం అతికించి, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న దీపం పెట్టండి. కొవ్వొత్తి మాత్రం వద్దు.

ఇక్కడి చర్చిల్లో, కొన్ని స్కూళ్ళలో పిల్లలు క్రిస్టింగిల్ అనే నారింజ పండు దీపం చేస్తారు. 1747లో జర్మనీలోని మొరేవియన్ క్రైస్తవులు పిల్లలకు ఎర్ర రిబ్బను చుట్టిన కొవ్వొత్తులు ఇవ్వడంతో మొదలైన ఆచారం ఇది. 1968 నుంచి ఇంగ్లండు చర్చిల్లో బాగా వ్యాపించింది. పండు లోకం, రిబ్బను క్రీస్తు రక్తం, కొవ్వొత్తి వెలుగు, ఎండుద్రాక్షలు గుచ్చిన నాలుగు పుల్లలు నాలుగు రుతువులు. ఇంటికి తెచ్చాక వలిచి తినేయవచ్చు. తింటూ ఒక ముచ్చట చెప్పండి: ఇంగ్లీషు వాళ్ళ 'ఆరెంజ్' మన దేశపు 'నారంగ' శబ్దం నుంచే పారశీకం, అరబ్బీ మీదుగా ఐరోపాకు చేరింది. మన నారింజకు అది దూరపు చుట్టం.

జనవరి 6 ప్రత్యక్షత పండుగ, తూర్పు జ్ఞానులు శిశువును దర్శించిన రోజు. కథోలికులు ముగ్గురు రాజుల పండుగ అంటారు. డోర్నకల్‌లోని పెద్ద చర్చికి ఈ పండుగ పేరే పెట్టారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు కట్టించిన ఆ చర్చిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు గుర్తుకు తెచ్చే కట్టడం అది. బొమ్మ చూపించి పిల్లల చేత గీయించండి. నక్షత్రాన్ని దించి దాచేదీ ఆ రోజే.

శ్రమకాలానికి ముందు మంగళవారం (2027లో ఫిబ్రవరి 9) ఇక్కడ ప్యాన్‌కేక్ డే. ఉపవాసాల్లో గుడ్లు, పాలు, వెన్న ముట్టేవారు కాదు గనుక ఇంట్లో ఉన్నవి అయిపోగొట్టడానికి వెనకటికి అట్లు పోసుకునేవారు. మనం గోధుమపిండి, బెల్లం, గుడ్డుతో తీపి అట్లు పోద్దాం. అట్లతద్ది చేసుకునే ఇంటి పిల్లలు "మాకూ ఉంది అట్ల పండుగ" అంటారు. రెంటికీ చుట్టరికం లేదు, అట్టుకు మాత్రం ఉంది.

మర్నాడు భస్మ బుధవారం. అక్కడి నుంచి ఈస్టరు వరకు 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసివేస్తే 40. ఈ తీసివేత లెక్కను పిల్లల చేతే చేయించండి. ఈ నలభై రోజులూ చాలా ఇళ్ళలో మాంసం మానేస్తారు, కొందరు బుధ, శుక్రవారాలు మాత్రమే. మెతుకు ముట్టకుండా ఉండడం పెద్దవాళ్ళ ఇష్టం. ఎదిగే పిల్లల చేత ఉపవాసం చేయించడం మాకు సమ్మతం కాదు. వాళ్ళకు పప్పుధాన్యాలు దండిగా పెట్టండి: సోమవారం పాలకూర పప్పు, మంగళవారం బొబ్బర్ల కూర, బుధవారం ముద్దపప్పు, ఆవకాయ, గురువారం శనగల పులుసు, శుక్రవారం పెసరకట్టు, ఏదైనా పచ్చడి. చలిలో ఇంటికొచ్చిన పిల్లలకు పెసరకట్టు కంటే హాయి ఏముంది? మాంసం మీద మిగిలిన డబ్బు ఒక డబ్బాలో పడాలి. మిగిలిన డబ్బును మన పండుగ బట్టలకే ఖర్చు చేస్తే అది పొదుపు అవుతుంది గాని శ్రమకాలం కాదు.

ఈస్టరుకు ముందు ఆదివారం మట్టల ఆదివారం. మట్ట అంటే తాటి, ఈత, కొబ్బరి చెట్ల ఆకుకాడ. ఇక్కడి చర్చిలో ఇచ్చే చిన్న ఎండుటాకు సిలువను చూసి పిల్లలకు మట్ట అంటే అంతే అనిపిస్తుంది. ఊళ్ళో వాళ్ళు నిలువెత్తు మట్టలు ఎత్తి వీధుల వెంట పాడుతూ వెళ్తారని చెప్పండి, వీలైతే వీడియో చూపించండి. ఆ సిలువను పారేయకుండా దాచండి, వచ్చే ఏడాది భస్మ బుధవారానికి వీటినే కాల్చి బూడిద చేస్తారు.

ఆ వారం గురువారం ప్రభువు రాత్రి భోజనం. పస్కా రొట్టెను తెలుగు బైబిలులో ఒకచోట 'పొంగని రొట్టె' అనీ, మరొకచోట 'పులియని రొట్టె' అనీ అన్నారు. ఇడ్లీ పిండి ఉన్న ఇంట్లో ఈ రెండు మాటలూ నేర్పడం ఎంత సులువు! ముందు రాత్రి పిండి కలిపి, చలికి పొంగదు కాబట్టి ఓవెను లోపలి లైటు వేసి అందులో ఉంచండి. తెల్లవారి గిన్నె చూపించండి: ఎత్తు పెరిగితే పొంగింది, వాసన మారితే పులిసింది. ఆ సాయంత్రం గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు మాత్రమే కలిపి పిల్లలచేత రొట్టెలు ఒత్తించండి. మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం ముగిశాక గంజి, ఊరగాయ చాలు.

ఈస్టరు (2027లో మార్చి 28) గుడ్లకు రంగు కొనక్కర్లేదు. మన ఇళ్ళలో ఉల్లిపొట్టుకు కొదవా? ఉత్తర ఇంగ్లండులో కూడా పాతకాలం నుంచి ఉల్లిపొట్టుతోనే ఈస్టరు గుడ్లకు రంగు వేస్తారు. గుడ్డు మీద కొత్తిమీర ఆకు పెట్టి, పాత మేజోడు ముక్కతో బిగించి కట్టి, గుప్పెళ్ళ కొద్దీ ఉల్లిపొట్టు, చెంచాడు వెనిగరు వేసిన నీళ్ళలో పన్నెండు నిమిషాలు ఉడికించండి. విప్పితే ఎర్రమట్టి రంగు మీద ఆకు అచ్చు తేలుతుంది. ఇక్కడి గుడ్లు ఎక్కువగా గోధుమరంగువి కాబట్టి ముదురుగా వస్తుంది. పసుపు వేస్తే వేరే రంగు. ఆ మధ్యాహ్నమే పెంకు ఒలిచి కోడిగుడ్ల పులుసు పెట్టేయండి. గదిలో రోజంతా అలంకారానికి ఉంచిన గుడ్లు మాత్రం తినవద్దు.

పెంతెకొస్తు (2027లో మే 16) ఎరుపు గడి, ఆ రోజుకు టమాటా పప్పు, పుచ్చకాయ ముక్కలు చాలు. ఆ తరువాత పొడవాటి ఆకుపచ్చ. దాని చివర్లో, సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఇక్కడి స్కూళ్ళలో హార్వెస్ట్ ఫెస్టివల్, అంటే మన కోతపండుగ. ఊళ్ళో బియ్యం బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు చర్చికి తెచ్చి వేలం వేస్తారు. ఒక్క సొరకాయ పాటలో వందల రూపాయలకు పోతుంది, పాడినవారికి కావలసింది సొరకాయ కాదు మరి!

దీనికి తోడు మన అమ్మమ్మల ఆచారం ఒకటుంది: పిడికెడు బియ్యం. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు వేరే కుండలో వేసి, వారం చివర సంఘానికి ఇచ్చేవారు. చేతిలో డబ్బు ఆడని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన కానుక అది. మేము ఖాళీ ఊరగాయ సీసాకు పిల్లలచేత రంగు కాగితం అంటించి, 'పిడికెడు బియ్యం' అని వాళ్ళ చేతిరాతతోనే రాయించాం. ఫుడ్ బ్యాంకుల వాళ్ళు విడి బియ్యం తీసుకోరు, విప్పని పొట్లాలే కావాలి. అందుచేత నెలాఖరున సీసాలో బియ్యం తూచి, అంతే బరువున్న పొట్లం కొని ఇవ్వండి. సీసాలోవి ఇంట్లో వండుకోండి. తూచే పని పిల్లలది, బరువు తెలుగులో చెప్పడం వాళ్ళదే.

పిల్లలూ, ఇంటి పని: ఈ వారం నాయనమ్మకో, అమ్మమ్మకో ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీ చిన్నప్పుడు క్రిస్మస్‌కు (మీ ఇంట్లో వేరే పండుగైతే దానికి) మొదట ఏ పిండివంట చేసేవారు? పొయ్యి దగ్గర ఎవరు కూర్చునేవారు? మీకు ఏ పని చెప్పేవారు? జవాబులు వాళ్ళు అన్న మాటల్లోనే తెలుగులో రాసి వచ్చే శనివారం తీసుకురండి. రాయడం రానివాళ్ళు వచ్చి చెప్పండి, మేము రాసుకుంటాం.