పెద్దబిడ్డ పండుగ

పాత్రపూర్ వంటి గంజాం సీమ గ్రామములలో తెలుగు, ఒడియా వేడుకలు రెండును కనిపించును. కార్తిక పున్నమి గడచిన ఎనిమిదవ నాడు ఒడియావారు ప్రథమాష్టమి జరుపుదురు. తొలిచూలు బిడ్డకు, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, మేనమామ యింటినుండి వచ్చిన క్రొత్తబట్టలు కట్టి హారతి యిత్తురు. బియ్యము, మినుములు రుబ్బిన పిండిని పసుపాకులలో నుంచి, నడుమ కొబ్బరి, బెల్లము పెట్టి ఆవిరిపై నుడికించిన ‘ఎండురి పిఠా’ ఆనాటి ప్రత్యేకము. ఆకు వాసనయే దాని రుచి.

మన భోగిపండ్లలో పెద్ద చిన్న భేదము లేదు. రేగుపండ్లు, చెరకుముక్కలు, పూలరేకులు, చిల్లర నాణెములు కలిపి పసివాండ్రందరి తలలపై పోయుదురు. నాణెములకై పిల్లలు ఎగబడుటయే అసలు వేడుక!

ప్రథమాష్టమినాడు రెండవ బిడ్డ గడపప్రక్క నిలిచి అన్నదో అక్కదో క్రొత్తబట్ట చూచుచుండును. ఒకరికి తూచి మరొకరికి తూచకుండుట అంగడిలో చెల్లదు, ఇంటిలో మాత్రమేల? ఆవిరికుండ దింపగనే ఆ బిడ్డ చేతిలోను వేడి పిఠా ఒకటి పెట్టవలెను.