వడగాలి వచ్చునని ముందుగా వినినవారు

చదువవలసిన భాగములు: లూకా 12:54–56, 2 రాజులు 4:18–20, అపొస్తలుల కార్యములు 11:27–30



పడమటి మబ్బు వానకు గురుతనియు, దక్షిణపు గాలి వేడికి గురుతనియు యూదయ దేశపు రైతులకు బాగుగా తెలిసియుండెను. వారికి పడమట సముద్రము, దక్షిణమున ఎడారి. మన ప్రభువు వారి లెక్క తప్పని చెప్పలేదు. ఆకాశమును చదువగలిగిన మీరు, మీ కన్నులయెదుట దేవుడు చేయుచున్న దానిని ఏల చదువరని మాత్రము అడిగెను. ముందుగా తెలిసికొనినవాడు ఆ తెలివికి తగినట్లు నడుచుకొనవలెననునదే ఆ ప్రశ్నలోని బలము. వేసవి ముంగిట నున్న మనము ఈ మాటను మన గ్రామములకు అన్వయించుకొందము.

1. ఎడారి గాలి మనయొద్దకు వచ్చు విధము

మన ఎడారి దక్షిణమున లేదు. వాయవ్య దిక్కున రాజస్థానములో నున్నది. ఆ ప్రాంతపు ఫలోది పట్టణములో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ కాసెను. ఆ దిక్కునుండి పొడిగాలి మధ్య భారతమును దాటి వచ్చి, సముద్రపు గాలి లోపలికి రానప్పుడు, తెలంగాణ జిల్లాలును కోస్తా జిల్లాలును కూడ కాగిపోవును. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదాయెను.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ప్రతి సంవత్సరము వేసవికి ముందే ఆ కాలమంతటిని గూర్చిన సూచనను ప్రకటించుచున్నది. తరువాత దినదినము జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు వచ్చును; ఎరుపు అన్నిటికన్న గట్టి హెచ్చరిక. మైదాన ప్రాంతములో ఎండ 40 డిగ్రీలకు చేరి, ఆ కాలమునకు సాధారణమైన దానికన్న 4.5 డిగ్రీలైనను పెరిగినచో దానిని వడగాలి యందురు. 45 డిగ్రీలు చేరినచో సాధారణముతో పోల్చి చూడకయే వడగాలిగా ఎంచుదురు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పిరి. గనుక మే నెల చివరివరకు భయము లేదని కొందరు తలంచుదురు. అయితే 1901 నుండి ఉన్న లెక్కలలో 2022 మార్చికి ముందెన్నడును దేశమంతట అంత వేడియైన మార్చి నెల లేదు. ముందుగా వచ్చు వేడికి మరియొక అపాయము కలదు. మన దేహము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అలవాటుపడిన దేహము త్వరగా చెమట పట్టి తన్ను తాను చల్లార్చుకొనును. అలవాటు లేనిది అట్లు చేయజాలక కూలిపోవును. కావున చలికాలము దాటిన వెంటనే వచ్చు మొదటి వడగాలిని తక్కువగా ఎంచరాదు.

2. కనబడని వరద

హైదరాబాదు పాతనగరమునకు పనిమీద వెళ్లిన మనవారిలో పలువురు పురానాపూల్‌ను ఎరుగుదురు. ఇబ్రహీం కుతుబ్ షా మూసీ నదిమీద 1578లో కట్టించిన రాతి వంతెన అది. హైదరాబాదు నగరముకన్నను పాతది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరములో వేలమంది ప్రాణములను తీసెను. అటు తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆలోచన అడిగిరి. గండిపేటలో ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియాయెను. వరద మరల రావచ్చునని తెలిసికొనినవారు దానికి తగినట్లు పనిచేసిరి.

వడగాలి అట్టిది కాదు. అది చప్పుడు చేయదు, గోడలు పడగొట్టదు, వంతెనను కదల్చదు. 2015 మే నెలలో మన దేశములో వడగాలివలన 2,000 మందికి పైగా చనిపోయిరి. వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. అయినను పురానాపూల్ రాళ్లలో ఒక్కటియు చెదరలేదు. పగలంతయు కాగిన రాయియు, సిమెంటు డాబాయు, తారు రోడ్డును రాత్రివేళ ఆ వేడిని విడుచును గనుక పట్టణమునకు రాత్రియందును ఊరట తక్కువ. మన పల్లెలలో రేకుల యింట పండుకొను వృద్ధుల స్థితియు అట్టిదే. కంటికి కనబడని ఆపదను నమ్ముట కష్టము. అందుచేతనే సూచనను చెవియొగ్గి వినవలెను.

3. షూనేమీయురాలి కుమారుడు

కోతకాలమున ఒక బాలుడు పొలములో కోతవారియొద్ద నున్న తండ్రిని చూడబోయెను. తల నొప్పి యని కేకవేసెను. తల్లియొద్దకు మోసికొనిపోగా మధ్యాహ్నమునకు ఆమె ఒడిలో చనిపోయెను. గ్రంథము ఆ రోగమునకు పేరు పెట్టలేదు. అది వడదెబ్బయే యని అనేకులు తలంచుదురు. ఉదయము ఆరోగ్యముగా బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు లేకుండుట మన ఊళ్లలోను జరుగుచున్నది.

తలనొప్పి, కండ్లు తిరుగుట, వాంతి, కాళ్ల పిక్కలు పట్టుట మొదటి గురుతులు. అప్పుడే పని మాని నీడకు చేరి, ఉప్పు వేసిన మజ్జిగయో, గంజియో, ఓ.ఆర్.ఎస్. నీరో కొంచెము కొంచెముగా త్రాగవలెను. ఒడలు నిప్పువలె కాలుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నచో అది ప్రాణాపాయము. వెంటనే 108కి ఫోను చేయుడి. బండి వచ్చువరకు ఊరకుండక, రోగిని నీడలో పరుండబెట్టి, బట్టలు వదులుచేసి, దేహమంతయు నీటితో తడిపి విసరుడి. మెడకును చంకలకును గజ్జలకును తడిబట్టలు వేయుడి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

4. అంతియొకయ సంఘము చేసిన పని

అగబు అను ప్రవక్త గొప్ప కరవు రాబోవుచున్నదని అంతియొకయలో తెలియజేసెను. అది క్లౌదియ చక్రవర్తి దినములలో వచ్చెను. ఆ సంఘమువారు సూచన వినగానే తమ గాదెలు మాత్రమే నింపుకొనలేదు. యూదయలోని సహోదరులకు ఎక్కువ కష్టము కలుగునని తలంచి, ఎవరి శక్తికొలది వారు సొమ్ము కూర్చి, బర్నబా సౌలుల చేత పంపిరి. సూచన వినిన ప్రతివాడు, దానిని తప్పించుకొనలేని తన పొరుగువానికి బాధ్యుడని వారు ఎరిగిరి.

మన సంఘములలో ఎండను తప్పించుకొనలేనివారు ఎవరు? కూలివారు. పన్నెండు మొదలు మూడు గంటలవరకు ఎండలో ఉండకుడని చెప్పుట సులభము. కాని పని మానినచో కూలి పోవును. కూలి పోయినచో ఆ రాత్రి పొయ్యి వెలుగదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము, బీదకూలివాడు తన కూలిమీదనే ఆశ పెట్టుకొని యున్నాడని గుర్తుచేయుచున్నది. కావున పనివారిని పెట్టుకొను సహోదరులు తెల్లవారుజామున పని మొదలుపెట్టించి, మధ్యాహ్నమునకు ముందే ముగించి, పూర్తి కూలి ఇయ్యవలెను. ఎండలో ఆపి కూలి తగ్గించినచో, మనము వారిని ఎండనుండి తప్పించి ఆకలికి అప్పగించినట్లే.

సంఘ పెద్దలు ఒంటరిగా నుండు వృద్ధుల పట్టీ వ్రాసికొని, హెచ్చరిక వచ్చిన దినములలో ఉదయమును సాయంకాలమును వారిని చూచి రావలెను. గుడి తలుపులు మధ్యాహ్నము తెరచియుంచి, వరండాలో చలివేంద్రము పెట్టవలెను. దాహముగొనినవాడు ఏ మతస్థుడని అడుగరాదు. 2025లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు ఇచ్చు సహాయమును 4 లక్షల రూపాయలకు పెంచెను. దీనిని ఎరుగని కుటుంబములకు తెలియజేయుటయు సేవయే. అయితే చచ్చిన తరువాత వచ్చు లక్షలకన్న, బ్రదికియుండగా అందిన ఒక చెంబు నీరు మేలు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో ఈ వేసవి ఎండను తప్పించుకొనలేనివారు ఎవరెవరు? వారి పేర్లు మనకు తెలియునా?

2. హెచ్చరికను రేడియోలోనో ఫోనులోనో వినినవారు, వినని ఇండ్లకు దానిని చేర్చుట ఎట్లు?

3. కూలి తగ్గించక పనివేళ మార్చుటకు మనలో ఎవరు ముందుకు వచ్చెదరు?

ఎండ కాయుట మన చేతిలో లేదు. నీడ చేయుట మన చేతిలో నున్నది.