బిడ్డల దంతములు – బావి నీరు

సంతలో ఎద్దును బేరమాడునపుడు రైతు మొదట దాని నోరు తెఱచి పండ్లు చూచును. ఎన్ని పండ్లు వేసినదో లెక్కించి వయస్సు నిర్ణయించును. పశువు నోటిని ఇంత శ్రద్ధతో చూచు మనము, మన బిడ్డల నోట శాశ్వతదంతములు ఏ వయస్సున తయారగుచున్నవో విచారింపకుండుట తగదు. ఈ యజాగ్రత్తవలన జీవితాంతము తీరని లోపము కలుగవచ్చును.

నల్లగొండవైపునుండి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టునకు సరకు తెచ్చు సోదరులకు పండ్లమీది గోధుమరంగు మచ్చలు క్రొత్తవి కావు. పండ్లు సరిగా తోమకపోవుటచే వచ్చినవని కొందఱును, వంశగుణమని కొందఱును, పూర్వకర్మమని మఱికొందఱును చెప్పుదురు. ఆ మచ్చలు గల పిల్లలు నలుగురిలో నవ్వుటకు సిగ్గుపడుదురు. పెండ్లిచూపులవేళ నోరు మెదపరు. చేయని తప్పునకు వారు నింద మోయుచున్నారు. కావున అసలు కారణమును తెలిసికొందము.

శిశువు గర్భమునందుండగనే, ఇంచుమించు ఆఱవ వారమున, దవడలలో పంటిమొలకలు ఏర్పడనారంభించును. నాలుగవ మాసమునకు పాలపండ్లకు సున్నపు పదార్థము పట్టసాగును. బిడ్డ పుట్టిన ఆఱు మాసములకు మొదటి పాలపన్ను కనబడి, మూడేండ్లలోపల ఇరువదియు వచ్చును. ఈలోగా చిగురుక్రింద రెండవ పంట తయారగుచుండును. శాశ్వతదంతములలో మొదటి పెద్ద దవడపండ్లకు పుట్టువేళకే, ముందుపండ్లలో పెక్కింటికి మూడు నాలుగు మాసముల వయస్సుననే సున్నము పట్టుట మొదలగును. జ్ఞానదంతములు తప్ప తక్కినవాని పైభాగములన్నియు ఇంచుమించు ఎనిమిదేండ్లలోపల లోపలనే పూర్తియగును. అనగా ఏడవయేట మనకు కనబడు పన్ను, పసితనమున కట్టబడినదే.

పంటిమీది ఎనామెలు అను తెల్లనిపొర మన దేహమున అన్నిటికంటె గట్టిది. అయితే దానిని కట్టిన సూక్ష్మకణములు పన్ను బయటికి వచ్చునప్పటికి నశించును. విఱిగిన ఎముక అతుకుకొనును, తెగిన చర్మము మానును, ఎనామెలు మాత్రము మరల పెరుగదు. వరిచేను పొట్టమీదనున్నప్పుడు నీరు తప్పినచో, వెన్ను బయటపడిన పిమ్మట ఎంత తడిపెట్టినను తాలుగింజ గట్టిగింజ కాజాలదు గదా! పంటి విషయమును అంతియే.

చిగురుక్రింద పన్ను తయారగు కాలమున బిడ్డ త్రాగు నీటిలో ఫ్లోరైడు అను లవణము మితిమీరియున్నచో ఎనామెలు సరిగా గట్టిపడదు. మొదట సుద్దవంటి తెల్లని చారలు, హెచ్చైనచో గోధుమరంగు మచ్చలు, గుంటలు ఏర్పడును. మన తెలంగాణమునందలి నల్లఱాతి పొరలలో ఈ లవణమును విడుచు ఖనిజములు గలవు. లోతైన బోరుబావులలో నీరు చిరకాలము రాతితో కలిసియుండుటచే ఫ్లోరైడు హెచ్చుగా నుండుట కలదు.

మనదేశమున ఈ సంగతి తెలుగునేలనే బయటపడినది. 1930 తరువాతి తొలియేండ్లలో రైతులు తమ యెద్దులు కీళ్లు బిగిసి నడువలేకుండుట గమనించిరి. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలోని ప్రజల వ్యాధిని పరిశీలించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. పిమ్మట నాటి హైదరాబాదు సంస్థానములోని నల్లగొండ జిల్లాయందును ఇదే గుర్తింపబడినది.

ఇది వంశగుణము కాదనుటకు నిదర్శనము ఊరిలోనే దొరకును. మంచినీటి గ్రామమున పుట్టి పెరిగి, ఫ్లోరైడు గ్రామమునకు కోడలుగా వచ్చిన స్త్రీ పండ్లు తెల్లగానే యుండును. ఆ యూరి నీరు త్రాగి పెరిగిన ఆమె బిడ్డల పండ్లు మచ్చలుపడును. అయితే ఆమెకును అపాయము లేకపోలేదు. ఏండ్లకొలది ఆ నీటినే త్రాగినచో ఎముకలు, కీళ్లు, వెన్ను బిగిసిపోవును.

అన్ని దంతలోపములకును నీరే కారణమని తలపరాదు. రెండువైపులను ఒకే తీరున మచ్చలున్నచో నీటిని శంకింపవలెను. ఒక్క పన్నే చెడియున్నచో, దానిపైనున్న పాలపన్నుకు తగిలిన దెబ్బయో చీమో కారణము కావచ్చును. పాలపండ్లును శాశ్వతదంతములును చెడి, తల్లిదండ్రులకును అట్లేయున్నచో వంశలోపము కావచ్చును. పసితనపు తీవ్రజ్వరము, పోషణలోపము కూడ ఎనామెలును గుంటలుపఱచును. టెట్రాసైక్లిన్ అను మందు ఎదుగు పండ్లకు రంగుపట్టించును గనుక, గర్భిణులకును ఎనిమిదేండ్లలోపు పిల్లలకును వైద్యుని అనుమతిలేక దానిని ఈయరాదు. కొందఱికి పంటిమొలకయే లేకుండుట, కొందఱికి అదనపు పన్ను వచ్చుట పుట్టుకతో కలుగు భేదములు.

ఇక కర్తవ్యము. లీటరు నీటికి ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు మన భారతీయ ప్రమాణమునందలి తుది హద్దు. రుచి, రంగు, వాసనలచే దీనిని కనిపెట్టలేము, పరీక్షయే శరణ్యము. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి మఱింత చిక్కబడును. గుడ్డతో వడపోసినను పోదు. పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు రూపొందించిరి. అది నల్లగొండ పేరనే ప్రసిద్ధము. పాళ్లు నీటినిబట్టి మారును గనుక తెలిసినవారిచే చేయింపవలెను. 2016లో ఆరంభింపబడిన మిషన్ భగీరథ మూలమున నదీజలము గ్రామములకు చేరినది. కుళాయి నీరున్నను అలవాటుచే బోరునీటిని త్రాగుట మానవలెను. పొలమున పనిచేయువేళ బిడ్డకు ఇంటినుండి తెచ్చిన నీటినే త్రాగింపవలెను.

సభ్యులు తమ గ్రామపు బావులన్నిటి నీటిని పరీక్ష చేయించి, ఫలితమును సంఘపు గోడపై వ్రాయింతురుగాక. అంతవఱకు ప్రతియింటను ఎనిమిదేండ్లలోపు బిడ్డలకును గర్భిణులకును త్రాగుటకు, వంటకు మంచినీటిబిందె నొకదానిని వేఱుగా నుంచవలెను. మన పండ్లమీది మచ్చను చెఱుపలేము. మన బిడ్డలకది రాకుండ చేయుట మన చేతిలోని పని.